పాత రాతి వంతెనను చూడటం ఎలా: ఈషింగ్ దగ్గర మా నాన్న నేర్పిన వరుస

వంతెన మీద నిలబడితే వంతెన కనపడదు. రోడ్డు కనపడుతుంది, పిట్టగోడ కనపడుతుంది, కింద పారే నీళ్ళు కనపడతాయి. వందల ఏళ్ళుగా ఆ బరువంతా మోస్తున్న రాయి మాత్రం మన కాళ్ళ కిందే ఉండిపోతుంది. అందుకే పాత వంతెన చూడాలనుకునేవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట ఒక్కటే. ముందు గట్టు దిగండి.

నేను ఇంగ్లండ్‌లో, సర్రే కౌంటీలోని గిల్డ్‌ఫోర్డ్‌లో ఉంటాను. మాకు దగ్గర్లో, వే నది ఒడ్డున, ఈషింగ్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడ 13వ శతాబ్దం నాటిదని చెప్పే రాతి వంతెన ఒకటి, దానికి దగ్గర్లోనే ఒకప్పుడు కాగితం తయారైన మిల్లు ఒకటి ఉన్నాయి. మిల్లు ఎప్పుడో ఆగిపోయింది. వంతెన మీద మాత్రం ఇంకా బండ్లు పోతూనే ఉన్నాయి. నేనూ ఎన్నోసార్లు కారులో ఆ వంతెన దాటాను.

మా నాన్న తాపీ మేస్త్రి. కోనసీమ కాలువల మీద తూములు, చిన్న చిన్న వంతెనలు కట్టడంలోనే ఆయన వయసంతా గడిచింది. ఒక వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన్ని ఈషింగ్ తీసుకెళ్ళాను. ఆయన వంతెన ఎక్కలేదు. పక్కకు నడిచి, నీళ్ళకేసి చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. "ముందు నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో చూడమ్మాయ్. రాయి సంగతి తర్వాత" అన్నారు. ఆ రోజు ఆయన ఏ వరుసలో చూశారో అదే వరుసలో ఇది రాస్తున్నాను. ఇక్కడి చట్టం గురించి, మ్యాపుల గురించి ఆ తర్వాత నేను తెలుసుకున్నవి మధ్యమధ్య కలిపాను. ఉదాహరణగా ఈషింగ్‌నే తీసుకున్నా, ఈ పద్ధతి ఇంగ్లండ్‌లో ఏ పాత రాతి వంతెనకైనా పనికొస్తుంది.

బయల్దేరే ముందు

ఇంట్లో కూర్చుని చేసుకోవాల్సిన పని ఓ అరగంట ఉంటుంది. హిస్టారిక్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థ 'నేషనల్ హెరిటేజ్ లిస్ట్ ఫర్ ఇంగ్లండ్' అనే జాబితాను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. ఊరి పేరు, పక్కన బ్రిడ్జ్ అనే మాట కొట్టి వెతకండి. వంతెనకు రక్షణ ఉంటే దాని నంబరు, చిన్న వర్ణన, మ్యాపు వస్తాయి.

అక్కడ రెండు మాటలు కనిపిస్తాయి. రెండూ ఒకటి కాదు. 'లిస్టెడ్' అంటే కట్టడంగా దాని విలువను గుర్తించి జాబితాలో చేర్చారని అర్థం. ఇందులో గ్రేడ్ 1, గ్రేడ్ 2 స్టార్, గ్రేడ్ 2 అని మూడు మెట్లున్నాయి. లిస్టెడ్ కట్టడాలన్నిటిలో గ్రేడ్ 1 అయినవి నూటికి రెండున్నర మాత్రమే. 'షెడ్యూల్డ్ మాన్యుమెంట్' అంటే పురావస్తు రక్షణ కిందికి వచ్చిందని. ఇది 1979 నాటి చట్టం ప్రకారం నడుస్తుంది, నియమాలు ఇంకా గట్టిగా ఉంటాయి. ఈషింగ్ వంతెనకు ఈ రెండు రక్షణలూ ఉన్నాయి. అలా రెండూ ఉన్నచోట షెడ్యూల్డ్ మాన్యుమెంట్ నియమాలదే పైచేయి.

తర్వాత పాత మ్యాపు చూడండి. ఇది మాత్రం వదలొద్దు. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వెబ్‌సైటులో ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ప్రభుత్వ మ్యాపుల సంస్థ గీసిన ఇంగ్లండ్ పాత మ్యాపులు కూడా ఉచితంగా ఉన్నాయి. 19వ శతాబ్దం చివరి మ్యాపును ఒక పక్కన, ఇప్పటి ఉపగ్రహ చిత్రాన్ని ఇంకో పక్కన పెట్టి చూసుకోవచ్చు. మిల్లు ఇంకా తిరుగుతున్న రోజుల్లో నది ఎక్కడ రెండుగా చీలింది, మిల్లు చెరువు ఎక్కడ, తూము ఎక్కడ, పిల్ల కాలువ ఎటు పోయి మళ్ళీ నదిలో కలిసింది అన్నీ అందులో గీసి ఉంటాయి. ఇప్పుడు అక్కడికి వెళ్తే తుప్పలు, పచ్చగడ్డి మాత్రమే కనిపించవచ్చు. మ్యాపు చూసి వెళ్తే ఆ గడ్డిలో ఉన్న చిన్న పల్లం కూడా 'నేను ఒకప్పటి కాలువను' అని చెబుతుంది.

ఎప్పుడు వెళ్ళాలి? ఇందులో ఒక చిక్కుంది. వేసవి చివర్లో నీళ్ళు తక్కువగా ఉండి స్తంభాల అడుగు బాగా కనపడుతుంది, కానీ చెట్ల ఆకులు సగం వంతెనను కప్పేస్తాయి. చలికాలంలో ఆకులుండవు, కానీ నీళ్ళు పొంగి ఉంటాయి. నాకైతే మార్చి మొదట్లో, వారం పది రోజులు వాన లేని సమయం బాగా కుదిరింది. ఆకులింకా రావు, నీళ్ళు కాస్త తగ్గి ఉంటాయి. బయల్దేరే ముందు ప్రభుత్వ వరద సమాచార వెబ్‌సైటులో నది మట్టం చూసుకోండి. మట్టం పెరుగుతూ ఉంటే ఆ రోజు మానేయండి. ఎండ ఏటవాలుగా పడే పొద్దున గానీ సాయంత్రం గానీ వెళ్తే రాతి మీద ఉలి గాట్లు కూడా కనపడతాయి. మధ్యాహ్నం ఎండలో అదే రాయి చదునుగా, మూగగా ఉంటుంది.

వెంట ఒక నోట్‌బుక్, పెన్సిలు, టార్చి, జారని బూట్లు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా బైనాక్యులర్స్ ఉండాలి. ఎందుకంటే ఇక్కడ నది గట్టు చాలాచోట్ల ఎవరో ఒకరి సొంత స్థలం. మన ఇష్టం వచ్చిన చోట దిగడానికి లేదు. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ మ్యాపులో ఆకుపచ్చ చుక్కగీతలుగా గీసినవి అందరూ నడవదగ్గ దారులు. వాటి మీద నిలబడి, మిగతాది బైనాక్యులర్స్‌తో చూడాలి. "గట్టు దిగండి" అని నేనన్నది దారి ఉన్న మేరకే. లండన్ వాటర్లూ నుంచి పోర్ట్స్‌మత్ వైపు వెళ్ళే రైళ్ళు గోడల్మింగ్‌లో ఆగుతాయి. అక్కడి నుంచి ఈషింగ్‌కు నడిచే వెళ్ళవచ్చు.

ముందు నీళ్ళు

అక్కడికి చేరగానే ఫోటోలు మొదలుపెట్టకండి. నీటి ప్రవాహానికి ముఖం పెట్టి, ఎగువ ఎటో దిగువ ఎటో తేల్చుకోండి. తర్వాత నీళ్ళు పోయే దిక్కుకు తిరిగి నిలబడండి. ఇప్పుడు మీ ఎడమ చేతి వైపుది ఎడమ గట్టు, కుడి చేతి వైపుది కుడి గట్టు. గోదావరి దగ్గరైనా వే దగ్గరైనా నదులకు ఇదే లెక్క. నోట్‌బుక్‌లో వంతెన ఖానాలకు ఎడమ గట్టు నుంచి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసుకోండి. ఖానా అంటే రెండు స్తంభాల మధ్య నీళ్ళు పోయే సందు. మా నాన్న ఏ వంతెన గురించి మాట్లాడినా ముందు "ఎన్ని ఖానాలు?" అని అడుగుతారు. ఈ నంబర్లు తర్వాత చాలా పనికొస్తాయి.

ఈషింగ్ దగ్గర వే నది ఎక్కడి నీళ్ళు తెస్తుందో కూడా తెలిసి ఉండటం మంచిది. ఈ నదికి రెండు పాయలు. రెండూ టిల్‌ఫోర్డ్ అనే ఊరి దగ్గర కలుస్తాయి. అంటే ఈషింగ్‌కు వచ్చే వరదలో రెండు పాయల నీళ్ళూ ఉంటాయి. టిల్‌ఫోర్డ్‌కు ఇంకా ఎగువన వేవర్లీ అబ్బే ఉంది. 1128లో మొదలైన ఈ మఠం ఇంగ్లండ్‌లో సిస్టర్షియన్ సన్యాసుల మొట్టమొదటి మఠం. 1233 జూలైలో వచ్చిన పెద్ద వరద అక్కడి గోడలనూ రాతి వంతెనలనూ కొట్టుకుపోయిందని ఆ మఠం వాళ్ళే తమ వార్షిక చరిత్రలో రాసుకున్నారు. టిల్‌ఫోర్డ్‌లో రెండు, ఎల్‌స్టెడ్‌లో ఒకటి, ఈషింగ్‌లో ఇది, ఈ నది మీద ఒకే పోలికతో ఉన్న పాత వంతెనలు. ఆ వరద తర్వాత ఆ సన్యాసులే వీటిని కట్టించారని తరతరాలుగా చెప్పుకుంటారు. రాతి మీద ఎవరి పేరూ లేదు కాబట్టి దాన్ని చెప్పుకునే మాటగానే తీసుకోవాలి. కానీ పోలిక మాత్రం కళ్ళకు కనిపించే నిజం. ఎక్కడ చూస్తే అది కనపడుతుందో ఇప్పుడు చెబుతాను.

స్తంభం ముక్కు

ఎగువ వైపు నిలబడి ఒక్కో స్తంభం నీళ్ళను కలిసే చోటు చూడండి. అక్కడ రాతి కట్టడం పడవ ముక్కులా కోసుగా ముందుకు వచ్చి ఉంటుంది. వచ్చే నీటిని రెండుగా చీల్చి అటూ ఇటూ ఖానాల్లోకి పంపడం దాని పని. కొట్టుకొచ్చిన దుంగ స్తంభానికి అడ్డంగా తగిలి అక్కడే ఉండిపోకుండా, పక్కకు జారిపోయేలా చూడటం ఇంకో పని.

ఇప్పుడు దిగువకు వెళ్ళి అవే స్తంభాల వెనక వైపు చూడండి. ఈషింగ్‌లో అక్కడ కోసు లేదు, గుండ్రంగా ఉంటుంది. ఈ నది మీది పాత వంతెనలకు ఉన్న పోలిక ఇదే: ఎగువన కోసు, దిగువన గుండ్రం. మా నాన్న దాన్ని చూసి చేతులు కట్టుకుని తల ఊపారు. స్తంభం దాటిన నీళ్ళు వెనక సుడి తిరుగుతాయి. ఆ సుడి అడుగున ఉన్న ఇసుకను తోడేస్తుంది. వెనక భాగం గుండ్రంగా ఉంటే నీళ్ళు మెల్లగా కలుసుకుంటాయి, సుడి తగ్గుతుంది. కట్టినవాళ్ళకు ఇప్పటి లెక్కలేవీ తెలియవు. వరదలో పోయిన వంతెనల్ని చూసి నేర్చుకుని ఉంటారు.

వంతెనలు ఎక్కువగా పైన బరువు వల్ల కూలవు. కింద పునాది దగ్గర మట్టి కొట్టుకుపోవడం వల్ల కూలతాయి. 2015 డిసెంబరులో వచ్చిన వరదల్లో ఉత్తర ఇంగ్లండ్‌లో పూలీ బ్రిడ్జ్ అనే ఊరి రాతి వంతెన మొత్తం కొట్టుకుపోయింది. అదే నెల చివర్లో టాడ్‌కాస్టర్ వంతెనలో ఒక భాగం నీళ్ళలో కూలింది. కాబట్టి స్తంభం చూసేటప్పుడు మీ కన్ను నీటి అంచు దగ్గరే ఎక్కువసేపు ఉండాలి. అక్కడ రాళ్ళు ఊడాయా, స్తంభం అడుగున ఖాళీ కనపడుతోందా, నీళ్ళు ఉన్నట్టుండి నల్లగా లోతుగా మారాయా చూడండి.

స్తంభాలు ఎంత లావుగా ఉన్నాయో కూడా గమనించండి. పాత వంతెనల్లో ఖానా చిన్నది, స్తంభం లావు. ఆ రోజుల్లో కమానుకు కింద చెక్కతో సెంట్రింగ్, అంటే రాళ్ళు నిలబడేదాకా మోసే తాత్కాలిక ఊత, కట్టి, ఒక ఖానా పూర్తయ్యాక అదే చెక్క తీసి పక్క ఖానాకు వాడుకునేవారు. అలా చేయాలంటే పక్క కమాను లేకుండానే ఒక్కో స్తంభం తన కమాను తోపుడును ఆపుకోగలగాలి. అందుకే ఆ లావు. దీనివల్ల ఒక ఖానా కూలినా మిగతావి నిలబడతాయి. నష్టమేమిటంటే నదిలో సగం దారి స్తంభాలే తినేస్తాయి. లండన్‌లో 1209లో పూర్తయిన పాత రాతి వంతెన స్తంభాలు థేమ్స్‌ను ఎంతగా అడ్డుకున్నాయంటే, వంతెన రెండు వైపులా నీటి మట్టంలో తేడా వచ్చేది. 1580ల్లో దాని ఖానాల్లో నీటిచక్రాలు పెట్టి ఊరికి నీళ్ళు తోడారు. వంతెనే ఆనకట్టగా మారి మిల్లు పని చేసిందన్నమాట.

కమాను కింద

దారి ఉంటే, నీళ్ళు అనుమతిస్తే, గట్టు పక్క ఖానా లోపలికి టార్చి వేసి చూడండి. లేకపోతే బయటి నుంచే బైనాక్యులర్స్‌తో చూడండి. ముందు కమాను ఆకారం చూడాలి. అర్ధచంద్రంలా ఉందా, నడిమిన కోసుగా ఉందా, లేక విల్లులా పరుచుకుని ఉందా రాసుకోండి. అయితే ఆకారాన్ని బట్టి మాత్రమే వయసు చెప్పేయకండి. ఒకే వంతెనలో మూడు రకాలూ ఉండవచ్చు, ఎందుకంటే ఒక్కో ఖానా ఒక్కో వరద తర్వాత మళ్ళీ కట్టి ఉండవచ్చు. అసలు మీరు వెతకాల్సింది ఈ తేడాల్నే.

కొన్ని వంతెనల్లో కమాను కింద వరసగా రాతి పక్కటెముకలు కనిపిస్తాయి. కర్క్‌బీ లాన్స్‌డేల్‌లో ఉన్న డెవిల్స్ బ్రిడ్జ్‌లోనూ, బ్రాడ్‌ఫోర్డ్ ఆన్ ఏవన్ వంతెనలో మిగిలిన రెండు పాత ఖానాల్లోనూ ఇవి చాలా అందంగా ఉంటాయి. ముందు పక్కటెముకలు నిలబెట్టి, వాటి మీద పలకలు పేర్చేవారు. చెక్క, రాయి రెండూ కలిసొచ్చేవి. ఏ పాత వంతెన కింద చూసినా ఇవి ఉన్నాయా లేవా అని తప్పకుండా రాసుకోండి.

తర్వాత కమాను పొడుగునా, అంటే నీళ్ళు పారే దిక్కుకు అడ్డంగా, రోడ్డు పోయే దిక్కులో ఎక్కడైనా తిన్నని అతుకు ఉందేమో వెతకండి. అటు రాయి ఒక రంగు, ఇటు రాయి ఇంకో రంగు ఉంటే, లేదా ఒక సగం గరుకుగా ఇంకో సగం నున్నగా చెక్కి ఉంటే, వంతెనను తర్వాత వెడల్పు చేశారని అర్థం. గుర్రపు బండ్లు పెరిగాక 18, 19 శతాబ్దాల్లో చాలా వంతెనలకు ఇలా పక్కన అతికించారు. పైన ఒకటే రోడ్డు, కింద రెండు వంతెనలు.

ఇక రాయి. ఈ ప్రాంతపు రాయిని బార్గేట్ అంటారు. తేనె రంగు ఇసుకరాయి. ఇది ఇసుక నేలలో గడ్డలు గడ్డలుగా దొరుకుతుంది, చాలా గట్టిది, నున్నగా చెక్కడం కష్టం. అందుకే ఇక్కడి కట్టడాల్లో రాళ్ళు చిన్నవిగా, తలో ఆకారంలో ఉంటాయి. గోడల్మింగ్ చుట్టుపక్కల గోడల్లో రాళ్ళ మధ్య సున్నంలో చిన్న చిన్న నల్లటి ఇనుపరాయి ముక్కలు గుచ్చి ఉండటం కూడా చూస్తారు. దారిలో నడుస్తూ ఇళ్ళ గోడలు చూసి కన్ను అలవాటు చేసుకుంటే, వంతెనలో బయటి నుంచి తెచ్చిన రాయి ఎక్కడుందో ఇట్టే పట్టేస్తారు.

దర్జులు

రాళ్ళ మధ్య అతుకుల్ని మా నాన్న దర్జులు అంటారు. ఆయన అన్నిటికంటే ఎక్కువసేపు చూసింది వాటినే. మా తాతయ్య కాలంలో ఎద్దు గానుగలో ఇసుక, సున్నం కలిపి రుబ్బేవారట. ఆ గానుగ సున్నంతో కట్టినవాటిని నాన్న చిన్నప్పుడు చూశారు, ఆ తర్వాత జీవితమంతా సిమెంటుతో పని చేశారు. అందుకే తేడా ఆయన చేతులకు తెలుసు.

ఇలాంటి పాత కమాను వంతెనలు దాదాపు అన్నీ సున్నంతో కట్టినవే. సున్నం మెత్తన. వంతెన కాస్త కదిలితే అదీ కాస్త సర్దుకుంటుంది. లోపలికి దిగిన తేమ దర్జుల్లోంచే బయటికి ఆరిపోతుంది. 20వ శతాబ్దంలో మంచి ఉద్దేశంతోనే చాలాచోట్ల దర్జుల్లో సిమెంటు పూశారు. సిమెంటు రాయి కంటే గట్టిది, తేమను వదలదు. దాంతో తేమ రాతిలోంచి బయటికి రావలసి వస్తుంది. చలికి ఆ తేమ గడ్డకట్టి రాతి ముఖం పొరలు పొరలుగా రాలిపోతుంది. చివరికి రాయి అరిగి లోపలికి పోయి, సిమెంటు దర్జు మాత్రం బూడిద రంగు గూడులా బయటికి పొడుచుకుని నిలబడుతుంది. ఇది ఒకసారి గుర్తుపట్టడం నేర్చుకుంటే ఏ పాత గోడ దగ్గరైనా మీ కన్ను అక్కడికే పోతుంది.

పగుళ్ళు చూసేటప్పుడు పాతదా కొత్తదా అన్నది ముఖ్యం. పగులు లోపల నాచు, మట్టి పట్టి ఉంటే అది ఎప్పటినుంచో ఉన్నదే కావచ్చు. లోపల రాయి శుభ్రంగా, తాజా రంగులో మెరుస్తుంటే అది ఈ మధ్యే వచ్చింది. కమాను కింద తెల్లటి చారలు కారి ఉంటే పైన రోడ్డులోంచి నీళ్ళు దిగి సున్నాన్ని కరిగించి తెస్తున్నాయని. కమాను పైన పక్కగోడ మధ్యలో కడుపులా ఉబ్బి ఉంటే లోపల నింపిన మట్టి బయటికి తోస్తోందని. పిట్టగోడ నుంచి ఒక్క చిన్న మొక్క మొలిచినా రాసుకోండి. వేరు ఎంత లోపలికి పోయిందో ఆకు చూసి చెప్పలేం.

ఇక్కడ ఒక విషయం చెప్పి తీరాలి. ఒకసారి వేరే ఊళ్ళో, ఒక పాత వంతెన పిట్టగోడ మీద అల్లుకున్న ఐవీ తీగను, పాపం గోడకు మేలు చేద్దామని, నేను పట్టుకుని లాగాను. తీగతో పాటు గుప్పెడు పాత సున్నం, ఒక చిన్న రాయి ఊడి చేతిలోకి వచ్చాయి. ఆ రాయి చేతిలో పెట్టుకుని నిలబడినప్పుడు కలిగిన బాధ నాకు ఇంకా పోలేదు. వందల ఏళ్ళ కిందట ఎవరో పెట్టిన రాయిని నేను ఒక్క క్షణంలో తీసేశాను. ఆ రోజే స్థానిక కౌన్సిల్‌కు ఉన్నదున్నట్టు రాశాను. దయచేసి తీగ లాగకండి, రాయి కదపకండి, సున్నం గీకి చూడకండి, సుద్దతో గుర్తులు పెట్టకండి. షెడ్యూల్డ్ మాన్యుమెంట్‌కు అనుమతి లేకుండా మరమ్మతు చేయడం కూడా నేరమే. అక్కడ మెటల్ డిటెక్టర్ వాడటానికీ ముందే రాతపూర్వకంగా అనుమతి ఉండాలి.

మిల్లు వైపు

వంతెన చూశాక మిల్లును వెతకండి. మిల్లు, వంతెన ఒకేచోట ఉండటం అనుకోకుండా జరిగేది కాదు. రెండిటికీ గట్టి నేల కావాలి, రెండిటికీ దారి కావాలి. ధాన్యం బస్తాలు మిల్లుకు చేరాలి, పిండి ఇంటికి చేరాలి. పైగా మిల్లు పెట్టాలంటే నదికి అడ్డంగా ఆనకట్ట వేసి నీటిని ఎత్తులో నిలపాలి, పిల్ల కాలువ తవ్వి చక్రం మీదికి తేవాలి, చక్రం తిప్పిన నీటిని ఇంకో కాలువలో దిగువకు వదలాలి. అలా నది రెండు పాయలైతే, దారికి రెండు వంతెనలు కావాలి. ఈషింగ్‌లో ఉన్నది నిజానికి జంట వంతెన. నది రెండుగా చీలిన చోట ఒకదాని తర్వాత ఒకటి దాటాలి. ఈ సంగతి కారులో పోయేటప్పుడు నేనెప్పుడూ గమనించలేదు. నడిచి వెళ్ళినప్పుడే తెలిసింది.

మిల్లు గుర్తుపట్టడానికి చెవి బాగా పనికొస్తుంది. నిశ్శబ్దంగా పారే నది ఒక్కచోట గలగలమంటే అక్కడ మట్టం దిగుతోంది, పాత ఆనకట్ట దగ్గర్లోనే ఉంది. నది వంకరలు తిరుగుతుంటే పక్కన ఒక కాలువ మాత్రం తిన్నగా పోతుంటే అది మనుషులు తవ్వినదే. గోడ అడుగున నీళ్ళు దూరే చిన్న కమాను, తూము తలుపు ఎత్తే ఇనుప పళ్ళ చట్రం, మెట్టుగానో తోట అలంకారంగానో మిగిలిన తిరగలి రాయి, 'మిల్ లేన్' అనే వీధి పేరు, ఇవన్నీ ఆనవాళ్ళే. కాగితం మిల్లులో పిండి తిరగళ్ళు ఉండవు. అక్కడ నీటిచక్రం గుడ్డపేలికల్ని నలగ్గొట్టి గుజ్జు చేసేది, ఆ గుజ్జే కాగితమయ్యేది. మిల్లు భవనంలో ఇప్పుడు జనం పని చేసుకుంటూనో కాపురముంటూనో ఉంటారు. రోడ్డు మీద నుంచి చూసి వచ్చేయడమే మర్యాద.

ఇప్పుడు వంతెన ఎక్కండి

చివరికి మీదికి రండి. సన్నని రోడ్డు, ఎదురుగా బండి వస్తుంటే పక్కకు ఒదిగి నిలబడాలి. ఈషింగ్‌లోనైతే చెవులు రిక్కించుకునే ఉండండి. అడుగులతో వెడల్పు కొలిచి రాసుకోండి. పిట్టగోడను చూసి వంతెన వయసు లెక్కకట్టకండి. బండ్లు గుద్దేది దాన్నే కాబట్టి అది ఎన్నిసార్లయినా మళ్ళీ కట్టి ఉంటారు. ఎల్‌స్టెడ్‌లో కింద పాత రాతి కమానులు, పైన ఇటుక పిట్టగోడ.

నోట్‌బుక్‌లో ఒక బొమ్మ గీయండి. బొమ్మ రాదని ఫోటోతో సరిపెట్టుకోకండి. గీయాలంటే ప్రతి ఖానానూ చూడక తప్పదు, ఫోటోకు ఆ అవసరం లేదు.

పాడైంది కనపడితే

మీరు వేసుకున్న నంబర్లు ఇక్కడే పనికొస్తాయి. రోడ్డు పోయే వంతెన అయితే ఎక్కువగా ఆ కౌంటీ కౌన్సిల్ రహదారుల విభాగం చూసుకుంటుంది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. షెడ్యూల్డ్ మాన్యుమెంట్ అయితే హిస్టారిక్ ఇంగ్లండ్‌కు కూడా చెప్పండి. ఎవరైనా రాళ్ళు పీకుతూనో తవ్వుతూనో కనపడితే వాళ్ళతో గొడవ పెట్టుకోకండి. అప్పుడే జరుగుతుంటే 999, జరిగిపోయి ఉంటే 101 నంబరుకు, పోలీసులకు ఫోన్ చేసి, అది షెడ్యూల్డ్ మాన్యుమెంట్ అన్న మాట, జాబితాలోని నంబరు తప్పకుండా చెప్పండి. పిట్టగోడ పడిపోయి బండ్లకు ప్రమాదం ఉన్నా వెంటనే ఫోన్ చేయాలి.

ఫిర్యాదులో "వంతెన పాడైంది" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఎగువ వైపు, ఎడమ గట్టు నుంచి రెండో స్తంభం, నీటి అంచుకు ఒక అడుగు పైన, రెండు రాళ్ళు లేవు, చూసిన తేదీ ఇది" అని రాయాలి. వంతెన మొత్తం కనపడే ఫోటో ఒకటి, పాడైన చోటు దగ్గరగా ఇంకొకటి జత చేయండి. వీలైతే ఆరు నెలల కిందటి మీ ఫోటో కూడా పెట్టండి. అందుకే ఒకసారి చూసి వదిలేయకుండా, ఏడాదికి రెండుసార్లు అదే చోట నిలబడి అదే ఫోటో తీయమంటాను.

పోయిన ఫిబ్రవరిలో, వరద తీసిన వారానికి, ఈ నది మీదే ఇంకో వంతెన దగ్గర స్తంభం ముక్కుకు పెద్ద చెట్టు మాను అడ్డంగా పడి ఉంది. దానికి కొమ్మలు, చెత్త చుట్టుకుని ఒక ఖానా సగం మూసుకుపోయింది. అలా అడ్డం పడితే నీళ్ళు పక్కకు తిరిగి, ఇంకా జోరుగా స్తంభం అడుగును తవ్వేస్తాయి. అక్కడే గట్టు మీద నిలబడి నంబరుతో సహా ఫిర్యాదు పంపాను. రెండు వారాల్లో మాను తీసేశారు. ఆ ఫోటో నాన్నకు వాట్సాప్‌లో పంపితే ఫోన్ చేశారు.

"ఎన్నో ఖానా అమ్మాయ్?"

"ఎడమ గట్టు నుంచి మూడోది నాన్నా."

"మాను తీశారు సరే. దాని కింద లోతు పడిందేమో చూశావా?"

చూడలేదు. నీళ్ళింకా మురికిగా ఉన్నాయి. మట్టం తగ్గి అడుగు కనపడగానే మళ్ళీ వెళ్ళాలి.